పిల్లలతో పొలానికి వెళ్తుంటే సంచిలో సబ్బు పెట్టుకోండి

బెంగళూరులో అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న మన పిల్లలకు దూడను నిమరడం, మేకపిల్లకు ఆకులు తినిపించడం ఎంత సంబరమో చెప్పనక్కర్లేదు. దేవనహళ్లి వైపో కనకపుర రోడ్డు మీదుగానో పొలాలు చూపించడానికి తప్పకుండా తీసుకెళ్లండి. వెంట ఒక సబ్బు, పెద్ద సీసాతో నీళ్లు ఉండాలి.

చాలామంది శానిటైజర్ రాసి సరిపెడతారు. అది చాలదు. మట్టి, పేడ అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు. పైగా దూడల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఆల్కహాల్‌కు చావదు, పిల్లలకు నీళ్ల విరేచనాలు తెప్పిస్తుంది. ఆరోగ్యంగా కనిపించే ఆవు పేడలోనూ ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ప్రమాదకరమైన రకం ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లల్లో అది ఒక్కోసారి మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది. అందుకే సబ్బుతో కనీసం 20 సెకన్లు, గోళ్ల సందులతో సహా రుద్ది కడగండి. పశువును ముట్టుకోకపోయినా, కంచె పట్టుకుంటే చాలు, కడగాల్సిందే. వేలు చీకే పిల్లల మీద మరింత కన్నేసి ఉంచండి.

తినడం కొట్టానికి దూరంగా, చేతులు కడిగాకే. అప్పుడే పితికిన, కాచని గుమ్మపాలు బలమని పెద్దవాళ్లు ఆప్యాయంగా గ్లాసు అందిస్తారు. నొచ్చుకోకుండా చెప్పి, కాచిన పాలే అడగండి.

ఇంటికి వచ్చాక చెప్పులు గుమ్మం బయటే విప్పించి, అడుగులు కడిగి ఎండబెట్టండి.