కాంప్టన్ ఫలితం – 3వ పాఠం: ఎలక్ట్రాన్ ద్రవ్యవేగం లెక్కకట్టడం

ఎలక్ట్రాన్‌ను గుద్దుకున్నాక ఫోటాన్ తరంగదైర్ఘ్యం ఎంత పెరుగుతుందో పోయిన పాఠంలో చూశాం. 1 లోంచి పరిక్షేపణ కోణపు (ఫోటాన్ తన మొదటి దిశ నుంచి ఎంత వంగిందో ఆ కోణపు) కొసైన్ తీసేసి, 2.43 పికోమీటర్లతో గుణించాలి. ఇప్పుడు ఎలక్ట్రాన్ సంగతి చూద్దాం.

లెక్కకి 1923లో ఆర్థర్ కాంప్టన్ ప్రచురించిన ప్రయోగాన్నే తీసుకుందాం. ఆయన మాలిబ్డినం ఎక్స్-కిరణాలను గ్రాఫైట్ మీదికి పంపాడు. తరంగదైర్ఘ్యం సుమారు 71.0 పికోమీటర్లు. 90 డిగ్రీలకు కొసైన్ సున్నా కాబట్టి, ఆ దిశలో బయటికొచ్చే ఫోటాన్‌ది 73.43.

ప్లాంక్ స్థిరాంకాన్ని (6.626 × 10⁻³⁴) తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ ద్రవ్యవేగం వస్తుంది. ముందు 9.332, తర్వాత 9.024. రెండూ 10⁻²⁴ కి.గ్రా.మీ./సె.లలో. ఇకపై ఆ ఘాతం రాయను, మీరు మాత్రం మర్చిపోకండి.

చాలామంది ఇక్కడ 9.332 లోంచి 9.024 తీసేసి, ఎలక్ట్రాన్‌కి 0.308 వచ్చిందని రాసేస్తారు. ద్రవ్యవేగం సదిశ, అంటే దానికి పరిమాణంతో పాటు దిశ కూడా ఉంటుంది. దిశ మారినప్పుడు అలా నేరుగా తీసేయకూడదు. అడ్డం, నిలువు విడివిడిగా చూడాలి.

ఫోటాన్ వచ్చిన దిశలో మొదట 9.332 ఉంది. గుద్దుకున్నాక ఫోటాన్‌కి ఆ దిశలో ఏమీ మిగల్లేదు. మొత్తం ద్రవ్యవేగం మారదు కాబట్టి అదంతా ఎలక్ట్రాన్‌దే. నిలువుగా మొదట సున్నా. ఫోటాన్ 9.024తో పైకి పోయింది కనుక ఎలక్ట్రాన్ అంతే ద్రవ్యవేగంతో కిందికి పోవాలి. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 12.98. 0.308కి 40 రెట్లకు పైనే! 9.024ని 9.332తో భాగిస్తే 0.967, అంటే ఎలక్ట్రాన్ సుమారు 44 డిగ్రీలు కిందికి వంగి పోతుంది.

కోణం 90 కాకపోతే? కొత్త ఫోటాన్ ద్రవ్యవేగాన్ని కొసైన్‌తో గుణించి మొదటిదాంట్లోంచి తీసేస్తే ముందుకు పోయే భాగం, సైన్‌తో గుణిస్తే నిలువు భాగం. మిగతాదంతా ఇదే.

లెక్క సరిచూసుకోవడానికి ఇందాక కాదన్న 0.308 పనికొస్తుంది. దాన్ని కాంతి వేగంతో గుణిస్తే ఫోటాన్ పోగొట్టుకున్న శక్తి: 9.2 × 10⁻¹⁷ జౌళ్లు. 12.98ని (ఘాతంతో సహా) వర్గం చేసి, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగిస్తే వచ్చే ఎలక్ట్రాన్ గతిజశక్తి కూడా దాదాపు అంతే. ఎలక్ట్రాన్ వేగం కాంతి వేగంలో 5 శాతం లోపే కాబట్టి ఈ పాత సూత్రం సరిపోయింది. గామా కిరణాలకు సరిపోదు, అది వచ్చే పాఠం.

ఈలోగా 180 డిగ్రీలకు చేసి చూడండి. 18.07 దగ్గర రావాలి. 0.6 వచ్చిందంటే కొసైన్ ముందు మైనస్ వదిలేశారన్నమాట.