రంగు వేసిన సైకిల్ ఫ్రేము మళ్లీ మళ్లీ పొక్కుతుంటే

పాత స్టీలు ఫ్రేముకు ఇంట్లోనే రంగు తీసి కొత్త రంగు వేసుకున్నవారిలో చాలామంది కొన్ని వారాలకే ఒకే ఫిర్యాదు చేస్తారు: రంగు పొక్కింది. వెంటనే రంగు నాసిరకమని తేల్చేసి, వేరే డబ్బా కొని, పొక్కిన చోటే మళ్లీ కొడతారు; అది మళ్లీ పొక్కుతుంది. ఆ పొక్కును కోసి లోపల ఏముందో చూసినవారు మాత్రం నాకు బహు అరుదుగా తగిలారు. నేను ఎవరి ఫ్రేము చూసినా మొదట చేసేది అదే.

సన్నని బ్లేడు మొనతో పొక్కును కోసి, పెచ్చును ఎత్తి చూడండి. కింద నారింజ రంగు పొడి ఉంటే, తుప్పు పూర్తిగా పోకముందే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) వేశారన్నమాట. లోహం శుభ్రంగా మెరుస్తూ, రంగు కాగితంలా ఊడి వస్తుంటే, జిడ్డు మిగిలింది లేదా ప్రైమర్ పట్టుకోవడానికి తగినంత గరుకు లేదు. ప్రైమర్ లోహానికి అంటుకునే ఉండి పై రంగు ఒక్కటే విడిపోతే, తప్పు ఆ రెండు పొరల మధ్య జరిగింది. పెచ్చు కింద వేలికి జిగటగా, మైనంలా ఏదో తగులుతూ, పొక్కులు గొట్టాల అతుకుల వెంబడే వరుసగా ఉంటే మాత్రం నేరుగా ఈ వ్యాసంలోని చివరి సమస్యకు వెళ్లండి.

కింద తుప్పు ఉంటే

ఆ చోట మెరిసే లోహం కనిపించే వరకు గీకి, గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు ద్రావణం పూయాలి. డబ్బా మీద చెప్పినట్టు దాన్ని కడగడమో తుడవడమో చేయకపోతే, మిగిలిన ఆమ్లమే తెల్లని పొడిగా మారి ప్రైమర్‌ను ఎత్తేస్తుంది. గీకిన ఫ్రేమును తేమ గాలిలో ఒక రాత్రి వదిలేస్తే కంటికి సరిగా ఆనని పలుచని తుప్పు మళ్లీ పట్టుకుంటుంది కాబట్టి, గీకిన రోజే ప్రైమర్ పడాలి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా రుద్దకుండా నీళ్ల కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్దండి.

లోహం మీద నుంచి కాగితంలా ఊడితే

కిరోసిన్‌తో తుడిచి శుభ్రమైందనుకోవడం ఇక్కడ సర్వసాధారణమైన పొరపాటు. కిరోసిన్ తానే జిడ్డు వదిలి వెళ్తుంది. 240 నంబరు కాగితంతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, ఫ్రేము మీద మంచినీళ్లు పోయండి. నీరు తెగకుండా పలుచని పొరలా పరుచుకుంటే సరే, తామరాకు మీదలా బొట్లు కట్టి జారిపోతే మళ్లీ తుడవాలి. అర నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను ఎందుకు దాటవేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పరీక్ష అయిన వెంటనే నీటిని తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి.

పై పొర ముడతలు పడితే, విడిపోతే

స్ప్రే డబ్బాల మీద రెండో పూతకు సమయం రాసి ఉంటుంది: సాధారణంగా మొదటి గంటలోపు వేయాలి, లేదా ఒకటి రెండు రోజులు ఆగాలి. ఈ రెంటి మధ్యలో కొడితే సగం ఆరిన అడుగు పొర ఉబ్బి ముడతలు పడుతుంది. పూర్తిగా గట్టిపడనిచ్చి, 400 నంబరు కాగితంతో చదును చేసి, మళ్లీ వేయడం తప్ప దారి లేదు.

అతుకుల వెంబడే పొక్కులు

నన్ను ఎక్కువగా ఏడిపించిన సమస్య ఇదే. సొంత ఫ్రేముకు మూడుసార్లు రంగు వేశాను. మూడుసార్లూ బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) దగ్గర, లగ్గు (గొట్టాలు కలిసే చోట వాటిని కప్పి ఉండే లోహపు తొడుగు) అంచును ఆనుకుని, పెసరగింజంత పొక్కులు అదే వరుసలో లేచాయి. నాలుగోసారి రంగు పూర్తిగా తీసి, ఫ్రేమును మధ్యాహ్నపు ఎండలో పెట్టి పక్కనే కూర్చున్నాను. లోహం చేతికి వేడిగా తగిలే వేళకు, శుభ్రంగా ఉందని నేను ప్రమాణం చేయగలిగిన ఆ అంచు నుంచి తేనె రంగు తడి సన్నని గీతలా బయటికి వచ్చింది.

కారణం పెయింట్ రిమూవర్. అది త్వరగా ఆవిరైపోకుండా చాలా రిమూవర్లలో మైనం కలుపుతారు. గొట్టానికీ దాని మీది లగ్గుకూ మధ్య ఇత్తడి అతుకు పూర్తిగా నిండని చోట వెంట్రుకంత సందు ఉంటుంది. రిమూవర్ ఆ సందులోకి పాకి, తన మైనాన్నీ కరిగిన పాత రంగునూ అక్కడ దాచిపెడుతుంది. నీళ్లతో కడిగితే మైనం పోదు, పైగా నీరు కూడా అదే సందులోనూ, గొట్టాల సన్నని గాలి రంధ్రాల ద్వారా లోపలికీ చేరుతుంది. నీడలో రంగు వేసినప్పుడు అంతా బాగానే ఉంటుంది, సైకిల్ మొదటిసారి ఎండలో నిలబడినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

పరిష్కారానికి ఓపిక కావాలి. రిమూవర్ పని అయ్యాక, పాత టూత్ బ్రష్‌ను థిన్నర్‌లో ముంచి ప్రతి లగ్గు అంచునూ రుద్ది, థిన్నర్ ఆరకముందే తెల్లని గుడ్డతో తుడవాలి. గుడ్డకు మరక అంటడం పూర్తిగా ఆగే వరకు ఇది ఆపకూడదు. తరువాత ఒక రోజంతా ఆరనిచ్చి, థిన్నర్ వాసన పూర్తిగా పోయాకే ఫ్రేమును ఎండలో పెట్టండి. థిన్నర్ ఆవిరి ఉండగా మంట, హీట్ గన్ దగ్గరికి తేవద్దు. బాటమ్ బ్రాకెట్ కిందికి ఉండేలా కొంతసేపు, తలకిందులుగా కొంతసేపు ఉంచి, అతుకుల మీద టిష్యూ కాగితం అద్ది చూడాలి. తడి కనిపిస్తే మళ్లీ మొదటికి రావాలి. వరుసగా రెండుసార్లు కాగితం శుభ్రంగా వస్తేనే నేను ప్రైమర్ డబ్బా మూత తీస్తాను.

ఇదే సమస్య ఇంకో రూపంలోనూ వస్తుంది. లోపలి తుప్పును ఆపాలని కొందరు రంగుకు ముందే గొట్టాల్లో నూనె పోస్తారు. అది గాలి రంధ్రాల నుంచి కారి, రంగులో చేపకన్ను లాంటి గుంటలు పడేలా చేస్తుంది. లోపలి పూత రంగు గట్టిపడిన తరువాతే వేయాలి. మరగబెట్టిన అవిసె నూనెను గానీ లోపలి భాగాల కోసం అమ్మే తుప్పు నిరోధక స్ప్రేను గానీ సీటు గొట్టంలోంచి పంపి, ఫ్రేమును అన్ని వైపులా తిప్పి, ఒక రాత్రి వేలాడదీసి, మిగిలింది కారనివ్వండి. అవిసె నూనె గుడ్డలను ముద్దగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది కనుక విప్పి పరిచి ఆరేయాలి.

గాలిలో దుమ్ము, డబ్బాలోని రంగు పాడవడం వంటివి ఉండవని కాదు, కానీ వాటివల్ల పొక్కులు ఒకే చోట వరుసగా రావు. గీకుతున్నప్పుడు గొట్టంలో రంధ్రం గానీ అతుకు దగ్గర వెంట్రుక లాంటి పగులు గానీ కనిపిస్తే మాత్రం రంగు సంగతి అక్కడితో ఆపేసి, ఫ్రేములు అతికే అనుభవం ఉన్నవారికి చూపించే వరకు ఆ సైకిల్ ఎక్కకండి.