ఇంట్లో జూడో – రెండో పాఠం: విసరడం తర్వాత, ముందు పడటం

మొదటి పాఠంలో నిలబడటం, నడవడం చూశాం. కాళ్లు భుజాల వెడల్పున పెట్టి, మోకాళ్లు కొంచెం వదులుగా ఉంచి, పాదాలు నేలకు రాసుకుంటూ కదలాలని చెప్పాను. అది చేసి చేసి విసుగెత్తినవాళ్లు ‘మరి ఎత్తి పడేసేది ఎప్పుడు?’ అని అడుగుతారని తెలుసు. ఇంకా టైం ఉంది. ఈ పాఠమంతా పడటం గురించే. జూడోలో దీన్ని ఉకెమి అంటారు. ఏ ఊళ్లో, ఏ దేశంలో జూడో క్లాసు చూసినా వార్మప్‌లో ఇది ఉంటుంది.

అనంతపురంలో మనవణ్ణి జూడోకి తీసుకొచ్చిన ఒక జేజి మొదటిరోజు క్లాసు చూసి పకపకా నవ్వింది. “పడేది గూడా నేర్పాల్నా సామీ? మావానికి వచ్చిందే అదొకటి!” అంది. ఆమె మాటలో నిజం ఉంది. చిన్నపిల్లలు మనకంటే బాగా పడతారు. ఎత్తు తక్కువ, బరువు తక్కువ, భయం అసలే లేదు. పెద్దయ్యేకొద్దీ ఆ విద్య పోతుంది. వెనక్కి తూలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లి నేలకు ఆనుకుంటుంది. ఒళ్లు బరువంతా ఆ ఒక్క మణికట్టు మీద పడుతుంది. ఎముక విరిగి సిమెంటు కట్టుతో కనిపించేవాళ్లలో చాలామంది కథ ఇదే. చెయ్యి అడ్డం పెట్టకపోతే తల తగులుతుంది, అది ఇంకా ప్రమాదం.

ఆత్మరక్షణ కోసం జూడో నేర్చుకుంటున్నామంటే అందరి కళ్ల ముందూ మెదిలేది చీకటి సందు, ఎదురుగా ఒక దుండగుడు. అలాంటి సందర్భం చాలామందికి జీవితంలో ఎదురుకాదు. కడప నాపరాళ్లు పరిచిన ఇంట్లో పొద్దున్నే కడిగిన వరండాలో కాలు జారడం మాత్రం ఎవరికైనా జరిగేదే. బస్టాండులో తోపులాట, తిరునాళ్లలో వెనకనుంచి వచ్చే ఒక్క తోపు, గట్టు మీద కాలు మడత పడటం, ఇవన్నీ అంతే. నిజంగా కొట్లాట వచ్చినా పిడిగుద్దు ఒక్కటే కాదు, కిందపడి తల బండకు తగలడం కూడా పెద్ద ప్రమాదమే. తల కాపాడుకొని పడి, వెంటనే లేచి పరుగెత్తగలిగితే చాలు. నా లెక్కలో ఆత్మరక్షణలో సగం పైన అదే. బండి మీద స్పీడుగా పోతూ పడితే మాత్రం ఉకెమిని నమ్ముకోవద్దు, అక్కడ హెల్మెటే దిక్కు.

జూడోకి రూపమిచ్చిన జిగోరో కానో కూడా పడుతూనే మొదలుపెట్టాడు. 1860లో పుట్టాడు. చదువులో చురుకైనవాడే కానీ మనిషి సన్నం, బడిలో బలమైన పిల్లలు ఏడిపించేవాళ్లు. 1877లో ఫుకుదా హచినొసుకె అనే గురువు దగ్గర జుజుత్సు అనే పాత జపాన్ కుస్తీ విద్యలో చేరాడు. ఒకరోజు గురువు తనను ఏదో పట్టుతో పడేస్తే, చెయ్యి ఎక్కడ పెట్టారు, కాలు ఎలా కదిపారు అని అడిగాడట. గురువు జవాబు చెప్పకుండా మళ్లీ పడేశాడు. మళ్లీ అడిగితే మళ్లీ పడేశాడు. 1882లో కానో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో 12 చాపలు పట్టే గదిలో సొంతంగా కొడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టినప్పుడు ఆ పద్ధతి మార్చాడు. ప్రతిదాన్నీ విడదీసి, ఎందుకో చెప్పి నేర్పడం ఆయన దారి. మనమూ అలాగే విడదీసుకొని వెళ్దాం.

ముందు చోటు చూసుకోండి. సిమెంటు గచ్చు మీద, నాపరాళ్ల మీద వద్దు. జూడో హాల్లో వేసే మ్యాట్ సాధారణంగా 4 సెంటీమీటర్ల మందం ఉంటుంది, గట్టిగానే ఉంటుంది. ఇంట్లో మట్టినేల మీద రెండు మూడు బొంతలు ఒకదాని మీద ఒకటి జారకుండా పరిస్తే దానికి దగ్గరగా వస్తుంది. మెత్తటి ఫోమ్ పరుపు పనికిరాదు. మడమలు దిగబడి చీలమండ మెలిపడుతుంది, చేతిదెబ్బ నేలకు తగిలిందో లేదో కూడా తెలియదు. పల్లెలో ఉన్నవాళ్లకు వరిగడ్డి మీద టార్పాలిన్ పరిస్తే అద్భుతం. చెనిక్కాయ కట్టె జోలికి మాత్రం పోవద్దు. ఒకటి, గుచ్చుకుంటుంది. రెండు, పశువుల మేత తొక్కుతున్నారని మీ తాత ఇంకో రకం కట్టె పట్టుకొని వస్తాడు. ఎండాకాలంలో పెన్నలో మెత్తటి ఇసుక దొరికితే అదీ మంచిదే, రాళ్లు ఏరిపారేశాక.

మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లు, ఎముకలు పలచబడ్డాయని డాక్టరు చెప్పినవాళ్లు, గర్భిణులు ఇది చేయకూడదు.

ఇక అసలు పని. వెల్లకిలా పడుకోండి. తల ఎత్తి గడ్డం ఛాతీకి దగ్గరగా తెచ్చి మీ బొడ్డు వైపు చూడండి. చూపు అక్కడుంటే తల దానంతటదే పైకి ఉంటుంది. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకొని, అక్కడినుంచి ఒక్కసారిగా రెండు పక్కలా నేలను కొట్టండి. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే తొంభై పాళ్లు తప్పులు ఇక్కడే జరుగుతాయి. చెయ్యి శరీరానికి 30 నుంచి 45 డిగ్రీల కోణంలో నేలను తాకాలి. భుజానికి సమంగా బారచాపి కొడితే దెబ్బ భుజం కీలుకు పోతుంది. మరీ దగ్గరగా కొడితే పడేటప్పుడు మోచెయ్యి నడుం కింద ఇరుక్కుంటుంది. అరచెయ్యి కిందికి ఉండాలి, వేళ్లు కలిసి ఉండాలి. అరచేతితో పాటు ముంజేయి కూడా ఒకేసారి తగలాలి. మోచెయ్యి ముందు తగిలిందంటే తప్పు. కొట్టిన చెయ్యి వెంటనే పైకి ఎగరాలి, నేలకు అతుక్కొని ఉండకూడదు. సరిగ్గా కొడితే ‘ఫట్’ అని ఒకే చప్పుడు వస్తుంది. ‘ఫట ఫట్’ అని రెండు వినిపిస్తే ఒక చెయ్యి వెనకబడిందన్నమాట. కొట్టేటప్పుడు ఊపిరి వదలాలి, నోరు మూసి ఉంచాలి, లేకపోతే నాలుక కొరుక్కుంటారు. రోజుకు 20 సార్లు చాలు. మొదటి రెండు మూడు రోజులు ముంజేతులు ఎర్రగా కందుతాయి, టెన్షన్ పడొద్దు. కీలులో నొప్పి వస్తే మాత్రం ఆపి, చెయ్యి ఎక్కడ పడుతోందో చూసుకోండి.

ఎందుకు కొట్టాలి? పడే వేగం ఒక్క చోట తగిలితే ఎముక విరుగుతుంది. అదే వేగాన్ని చేతులకూ వీపుకూ పంచితే ఏ ఒక్క చోటా అంత దెబ్బ ఉండదు. పైగా చేతులకు పక్కల కొట్టడం అలవాటైతే, వెనక్కి పోయి ఆనుకునే పాత అలవాటు పోతుంది.

అది కుదిరాక కాళ్లు చాపి కూర్చొని అక్కడినుంచి వెనక్కి పడండి. తర్వాత గొంతుక్కూర్చొని. తర్వాతే నిలబడి. ప్రతి మెట్టులోనూ ఒకటే సూత్రం: ముందు పిరుదులు నేలకు వీలైనంత దగ్గరగా రావాలి, ఆ తర్వాత వీపును గుండ్రంగా చేసి దొర్లాలి, గుండ్రటి అడుగున్న చట్టి వెనక్కి వాలినట్టు. నిలబడినచోటు నుంచి కర్రలా బిగుసుకొని వెనక్కి పడటం ఎప్పుడూ చేయొద్దు. ఒక మెట్టు మీద భయం పోకుండా పైమెట్టు ఎక్కొద్దు. దీనికి వారం పట్టినా, నెల పట్టినా నష్టమేమీ లేదు.

గడ్డం కిందికి ఉందో లేదో మీకు మీరే కనిపెట్టడానికి ఒక చిట్కా. చేతిరుమాలు మడిచి గడ్డానికీ ఛాతీకీ మధ్య ఇరికించుకొని పడండి. రుమాలు జారిపోయిందంటే తల వెనక్కి వాలినట్టే. ఫోన్ పక్కన పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది.

పక్కకు పడటం కూడా ఇదే పాఠంలో నేర్చుకోవచ్చు. ఎక్కువ పట్లలో అవతలివాణ్ణి నిజంగా పడేసేది పక్కకే. కుడివైపు పడాలంటే కుడికాలును ఎడమవైపుకు నేలమీద జారుస్తూ ఎడమ మోకాలు వంచుతూ కిందికి దిగండి. కుడి పిరుదు ముందు తగులుతుంది, తర్వాత పక్క, అదే క్షణంలో కుడిచెయ్యి దెబ్బ. ఎడమచెయ్యి పొట్ట మీద ఉంటుంది. కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకోకూడదు, మడమ ఎముకలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఎడమవైపు కూడా అన్నే సార్లు చేయండి. మనవాళ్లు చేతివాటం ఉన్న వైపే నేర్చుకొని రెండోది వదిలేస్తారు. మనల్ని తోసేవాడు వైపు చూసి తోయడు కదా.

ముందుకు దొర్లడం మాత్రం ఈ పాఠంలో ఇవ్వడం లేదు. దాంట్లో మెడ మీద బరువు పడే ప్రమాదం ఉంది, పక్కన చూసి చెప్పే మనిషి కావాలి. ఒసోతో గారి అనే పట్టు కూడా ఇప్పుడే వద్దు. వీడియోల్లో అది చాలా తేలిగ్గా కనిపిస్తుంది, కాలు వెనక కాలేసి వెనక్కి పడేయడమే. జపాన్‌లో కొత్తగా నేర్చుకునే పిల్లలకు తలలో రక్తస్రావమైన కేసుల్లో ఎక్కువగా కనిపించే పట్టు అదే, ఎందుకంటే తల నేరుగా వెనక్కి పోతుంది. అన్నదమ్ములు ఇంట్లో ఒకరిమీద ఒకరు ప్రయోగాలు చేసుకుంటారని తెలిసే చెబుతున్నాను. దానికి హాలూ, మ్యాటూ, కోచ్ ఉండాలి. అనంతపురం చుట్టుపక్కల వాళ్లకు చిన్న సదుపాయం ఉంది, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ పిల్లలకు నేర్పుతూ వచ్చిన ఆటల్లో జూడో ఒకటి. కర్నూలు, కడప వాళ్లు జిల్లా స్టేడియంలో అడిగి చూడండి.

ఇంత జాగ్రత్త విన్నాక సరదా ఏదీ అనిపించవచ్చు. ఉంది. ఇద్దరు ఎదురెదురుగా బొంతల మీద గొంతుక్కూర్చోండి, మధ్యలో మూర దూరం. అరచేతులతో అరచేతులనే తోయాలి, ఒంటిమీద చెయ్యి వేయకూడదు. తూలినవాడు ఓడిపోయినట్టు. ఒకే ఒక్క షరతు: పడేవాడు ఉకెమితోనే పడాలి, చెయ్యి వెనక్కి ఆనిస్తే ఇంకో పాయింటు పోతుంది. బలమైనవాడు గెలుస్తాడనుకుంటారు కానీ, వాడు గట్టిగా తోసిన క్షణంలో అవతలివాడు చేతులు తప్పిస్తే వాడే ముందుకు బోర్లపడతాడు. ఎనిమిదేళ్ల పిల్ల వాళ్ల మామను పడేయడం చూస్తే ఇల్లంతా నవ్వులే. ఆదివారం మధ్యాహ్నం దీనికి మంచి టైం, అయితే భోంచేసి రెండు గంటలైనా కావాలి.

వచ్చే పాఠానికి ఒక తోడు మనిషిని వెతుక్కోండి, మీ ఎత్తు బరువుకు దగ్గరగా ఉంటే మంచిది. పాత జీన్స్ జాకెట్టో, మందపాటి ఖద్దరు చొక్కానో రెండు పక్కన పెట్టుకోండి, బొత్తాలు పోయినా పర్వాలేదు. కాలరూ చేతిమడతా ఎలా పట్టుకోవాలో, ఎదుటిమనిషి నిలకడను ఎనిమిది దిక్కుల్లో ఎటు లాగితే ఎలా తప్పుతుందో చూద్దాం. అప్పటిదాకా గోళ్లు కత్తిరించుకోండి.