లక్ష కిలోమీటర్లు దాటిన లగ్జరీ కారును ఇంజిన్ చల్లగా ఉండగానే చూడండి

లక్ష కిలోమీటర్లు దాటిన పాత బెంజ్‌నో, ఆడినో కొనదలచినవారు, తాము వచ్చేదాకా బండిని స్టార్ట్ చేయవద్దని అమ్మే మనిషిని ముందుగానే కోరి, పొద్దున్నే వెళ్లి చూడడం మంచిది. రాత్రంతా నిలిచిన ఇంజిన్ తన లోపాలను అంత సులభంగా దాచలేదు: ఇంజిన్ లోపలి వాల్వులు సరైన సమయంలో తెరుచుకునేలా తిప్పే గొలుసు, అంటే టైమింగ్ చైన్, వదులైతే మొదటి రెండు మూడు సెకన్లలోనే గలగలమని చప్పుడు వినిపిస్తుంది, ఆయిల్ లోపల కాలుతుంటే సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంది, స్ప్రింగులకు బదులు గాలి సంచులపై బండిని నిలిపే ఎయిర్ సస్పెన్షన్‌లో గాలి పోతుంటే బండి ఒక మూలకు కుంగి ఉంటుంది.

కొన్న తరువాత అన్నిటికంటే ముందు కూలింగ్ వ్యవస్థను బాగు చేయించండి, ఎందుకంటే రేడియేటర్ పక్క ట్యాంకులు, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం ఉండే కూలెంట్ డబ్బా వంటి ప్లాస్టిక్ భాగాలు ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి, మన హనుమకొండ మే నెల ఎండలో ఒక్కసారిగా పగలవచ్చు. నా బండి కూలెంట్ డబ్బా అతుకు వెంట వెంట్రుకంత సన్నని పగులు, దాని పక్కన ఎండిన తెల్లటి చార కనిపించినా నేను పట్టించుకోలేదు. హైదరాబాద్ నుంచి వస్తుండగా జనగామ దాటాక ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతను తాకింది. వెంటనే ఆపి ఇంజిన్ కట్టేసినందువల్లే ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ పాడవకుండా దక్కింది. వేడిగా ఉన్నప్పుడు ఆ డబ్బా మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి.

గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పటికీ మార్చనక్కర్లేదన్న మాటను కూడా నమ్మవద్దు. ఎన్నో లగ్జరీ కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్, నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆ ఆయిల్‌ను మార్చమని సూచిస్తుంది.