డెస్క్‌టాప్ మన చేతిలో – 4వ పాఠం: టచ్ తరహా తెరను తీసేద్దాం

మూడో పాఠంలో టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో సిస్టమ్ స్నాప్‌షాట్ (ఏదైనా పాడైతే వెనక్కి తెచ్చుకునే నకలు) తీసుకోవడం, సొంత ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం చూశాం. ఆ పని ఇంకా చేయని వాళ్లు దయచేసి ముందు అది పూర్తి చేసి రండి. టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్ ఫోల్డర్ జోలికి పోదు కాబట్టి ఆ రెండు పనులూ కావాల్సిందే, ఒకటి చేసి రెండోది వదిలేస్తే మీ ఫొటోలకీ డాక్యుమెంట్లకీ భరోసా లేనట్టే.

ఇవాళ ఉబుంటు లినక్స్‌లో వచ్చే గ్నోమ్ షెల్‌ను, అంటే మనకి తెర మీద కనిపించే డెస్క్‌టాప్‌ను, తీసేసి, మౌస్‌కీ కీబోర్డుకీ సరిపడే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టుకుందాం. గ్నోమ్ బాగుందనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు, టచ్ స్క్రీన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో నాకూ అది బాగానే అనిపిస్తుంది. ఇబ్బందల్లా బల్ల మీద పెద్ద మానిటర్, పక్కన మౌస్ పెట్టుకుని రోజంతా పని చేసేవాళ్లకి. ఒక చిన్న ప్రోగ్రామ్ తెరవాలన్నా తెర మొత్తం మారిపోయి వేలితో నొక్కేంత పెద్ద ఐకాన్లు పరుచుకుంటాయి, మెనూ ఉండదు, టైటిల్ బార్లు లావుగా ఉంటాయి, జాబితాల్లో వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ ఎక్కువ. వేలికి ఆ ఖాళీ అవసరం, వేలు లావు కదా. మౌస్ బాణానికి అంత చోటు అక్కర్లేదు, దానివల్ల మన చెయ్యి దూరం తిరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇది ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పి పనిలోకి పోదాం. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 విడుదలైంది, పాత కింది ప్యానెల్, అప్లికేషన్ల మెనూ పోయాయి, కిటికీల మీద మినిమైజ్ బటన్ కూడా మామూలుగా కనిపించకుండా పోయింది. అదే నెలలో వచ్చిన ఉబుంటు 11.04 గ్నోమ్ షెల్‌ని కాదని యూనిటీ అనే తన సొంత డెస్క్‌టాప్‌ని పెట్టుకుంది, అదేమో అంతకుముందు 10.10లో నెట్‌బుక్‌ల చిన్న తెరల కోసం మొదలైనది. తర్వాత ఫోన్, ట్యాబ్లెట్, డెస్క్‌టాప్ అన్నిటికీ ఒకే ముఖం అనే ప్రయత్నం కొన్నేళ్లు నడిచి 2017లో ఆగింది, ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన 17.10 నుంచి ఉబుంటు మళ్లీ గ్నోమ్‌కి వచ్చేసింది. ఈ హడావుడిలో దారి మార్చుకోనివి కొన్ని ఉన్నాయి. పాత గ్నోమ్ 2ని అలాగే నిలబెట్టాలని పుట్టిన మాటే (MATE) అనే డెస్క్‌టాప్ ఒకటి. 1996 నుంచీ నడుస్తున్న ఎక్స్‌ఎఫ్‌సీఈ మరొకటి. మన పాఠానికి ఈ రెండోదాన్నే తీసుకుంటున్నా, తేలికగా ఉంటుంది, అంత త్వరగా ముఖం మార్చదు.

అసలు తీయాలా వద్దా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. మీకు కావాల్సింది కింద ఒక ప్యానెల్ మాత్రమే అయితే గ్నోమ్‌లోనే డ్యాష్ టు ప్యానెల్ అనే ఎక్స్‌టెన్షన్ (గ్నోమ్‌కి తగిలించుకునే అదనపు ముక్క) పెట్టుకుంటే సరిపోవచ్చు. గ్నోమ్ ఫ్లాష్‌బ్యాక్ అనే సెషన్ (లాగిన్ అయ్యేటప్పుడు ఎంచుకునే డెస్క్‌టాప్) కూడా ఉంది, అది పాత ప్యానెల్, మెనూ తెచ్చిపెడుతుంది. నేను వీటిని కాదనను గానీ గ్నోమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు పని చేయకుండా ఆగిపోవడం మామూలే, ప్రతిసారీ అది సరిచేసుకునే ఓపిక లేనివాళ్లకి పూర్తిగా మారిపోవడమే నయం. ఇంకో సంగతి, వాడకుండా పక్కన పడి ఉన్న డెస్క్‌టాప్ డిస్క్‌లో చోటు తీసుకుంటుంది తప్ప, ఆ సెషన్ తెరవనంత కాలం గ్నోమ్ షెల్ మీ ర్యామ్ తినదు. కాబట్టి తీసేస్తే కంప్యూటర్ రెట్టింపు వేగంగా పరిగెడుతుందని ఆశ పెట్టుకోవద్దు. మెనూలో ప్రతిదీ రెండేసి కనిపించడం తగ్గుతుంది, అప్‌డేట్ల బరువు తగ్గుతుంది, అంతే.

ముందు కొత్తది పెట్టాలి

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: తీసేయడం ఆఖరి పని. కొత్త ఇంట్లో పొయ్యి వెలిగాకే పాత ఇంటి తాళాలు ఇచ్చేయాలి. చాలామంది కోపంతో ముందు గ్నోమ్‌ని పీకేసి, తర్వాత నల్ల తెర ముందు కూర్చుని టెన్షన్ పడతారు.

టెర్మినల్ తెరవండి, రెండో పాఠంలో దాన్ని పరిచయం చేసుకున్నాం. నేను కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్న అక్షరాలుగా టైప్ చేయండి, స్పెల్లింగ్ పక్కన బ్రాకెట్లో ఇస్తున్నా. ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్ (sudo apt update). అది అయ్యాక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జుబుంటు-డెస్క్‌టాప్ సినాప్టిక్ (sudo apt install xubuntu-desktop synaptic). జుబుంటు అంటే ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే ఉబుంటు, సినాప్టిక్ అంటే ప్యాకేజీలు పెట్టడానికీ తీయడానికీ వాడే ప్రోగ్రామ్. ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అనే చిన్న ప్యాకేజీ ఒక్కటే పెట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు, పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు వైఫై ఐకాన్, పాస్‌వర్డ్ అడిగే పెట్టె, స్క్రీన్ లాక్ లాంటివి ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ మనమే చూసుకోవాలి. నేర్చుకునే దశలో జుబుంటు-డెస్క్‌టాప్ మేలు, అన్నీ కలిపి తెస్తుంది.

ఇన్‌స్టాల్ మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది, జీడీఎమ్3 కావాలా లైట్‌డీఎమ్ కావాలా అని. ఇవి లాగిన్ తెర చూపించే ప్రోగ్రామ్‌లు. బాణం కీలతో లైట్‌డీఎమ్ మీదికి వెళ్లి, ట్యాబ్ నొక్కి, ఓకే మీద ఎంటర్ కొట్టండి. ఎందుకు అదే ఎంచుకోవాలో కింద చెప్తా, ఈ పాఠం మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

రీస్టార్ట్ చేయండి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కనిపించే బొమ్మ మారి ఉంటుంది, కంగారు పడకండి. లాగిన్ తెరలో పైన కుడివైపు చిన్న ఐకాన్ నొక్కితే సెషన్ల జాబితా వస్తుంది, అందులో జుబుంటు సెషన్ ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. ఒకవేళ పాత లాగిన్ తెరే వచ్చిందంటే, మీ పేరు మీద నొక్కాక కింద కుడి మూలన పళ్ల చక్రం కనిపిస్తుంది, సెషన్లు అక్కడ ఉంటాయి.

కొన్నాళ్లు ఇక్కడే ఉండండి

వెంటనే తీసేయకండి. ఒక వారమైనా మీ రోజువారీ పనులన్నీ కొత్త సెషన్‌లోనే చేయండి. వైఫై తనంతట తాను కనెక్ట్ అవుతోందా, పెన్‌డ్రైవ్ పెడితే కనిపిస్తోందా, శబ్దం తగ్గించడం పెంచడం అవుతోందా, స్క్రీన్ లాక్ చేసి మళ్లీ తెరవగలుగుతున్నారా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా, ప్రింటర్ పలుకుతోందా. ఏదైనా కుదరకపోతే గ్నోమ్ ఇంకా అక్కడే ఉంది కాబట్టి లాగౌట్ చేసి అందులోకి వెళ్లి పని కానిచ్చుకోవచ్చు, తీరిగ్గా సమస్య వెతుక్కోవచ్చు.

మనవాళ్లకి తప్పకుండా తగిలేది తెలుగు టైపింగ్. గ్నోమ్‌లో కీబోర్డు మార్చే పనంతా షెల్ చూసుకుంటుంది, వెనకాల ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌ని అదే నడుపుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలోకి రాగానే గ్నోమ్ సెట్టింగుల్లో మీరు పెట్టుకున్న తెలుగు కనిపించకుండా పోతుంది, తెలుగు పోయిందేమో అనిపిస్తుంది, పోలేదు. సెట్టింగుల్లో లాంగ్వేజ్ సపోర్ట్ తెరిచి కీబోర్డ్ ఇన్‌పుట్ పద్ధతి దగ్గర ఐబస్ ఎంచుకోండి. లాగౌట్ చేసి మళ్లీ రండి. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ మెథడ్ అనే ట్యాబ్‌లో తెలుగు చేర్చుకోండి. ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ ఉంటే అక్కడ ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు)తో పాటు ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్ పద్ధతులు కూడా దొరుకుతాయి, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్న వాళ్లకి ఆర్‌టీఎస్ ఉంది. నిజానికి ఇన్‌స్క్రిప్ట్ మాత్రమే వాడేవాళ్లకి ఐబస్ అక్కర్లేదు, ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డ్ సెట్టింగుల్లో లేఅవుట్ ట్యాబ్‌కి వెళ్లి తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే అయిపోతుంది. రెండూ కలిపి పెట్టుకోవద్దు, భాష మార్చే కీలు ఒకదానితో ఒకటి గొడవపడతాయి.

ఇప్పుడు తీసేద్దాం

జీడీఎమ్3 విషయం. గ్నోమ్ లాగిన్ తెర వేరే ప్రోగ్రామ్‌లా కనిపిస్తుంది గానీ, ఆ తెర గీసేది కూడా గ్నోమ్ షెల్లే. అందుకే గ్నోమ్ షెల్‌ని తీసేస్తే జీడీఎమ్3 కూడా దాంతో పాటే వెళ్లిపోతుంది. లైట్‌డీఎమ్ లేకుండా ఈ పని చేసిన వాళ్లకి మరుసటిసారి లాగిన్ తెర రాదు, అక్షరాలు మాత్రమే ఉన్న నల్ల తెర వస్తుంది. కాబట్టి మీకు లాగిన్‌లో లైట్‌డీఎమ్ తెరే వస్తోందని కళ్లారా చూశాకే ముందుకు వెళ్లండి. ఇంకా జీడీఎమ్ వస్తుంటే సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లైట్‌డీఎమ్ (sudo dpkg-reconfigure lightdm) అని కొడితే ఆ ప్రశ్న మళ్లీ అడుగుతుంది.

జుబుంటు సెషన్‌లో ఉండి సినాప్టిక్ తెరవండి. గ్నోమ్ షెల్ (gnome-shell) అని వెతికి, సరిగ్గా ఆ పేరే ఉన్న ప్యాకేజీ మీద కుడి క్లిక్ చేసి, మార్క్ ఫర్ రిమూవల్ ఎంచుకోండి. వెంటనే దీంతో పాటు ఇవి కూడా పోతాయని ఒక జాబితా వస్తుంది. ఆ జాబితా చదవడమే ఇవాళ మీరు నేర్చుకోవాల్సిన విద్య, ఒక్కొక్క పేరూ చదవండి. జీడీఎమ్3, ఉబుంటు-సెషన్, షెల్ ఎక్స్‌టెన్షన్లు ఉంటే మంచిదే. ఉబుంటు-డెస్క్‌టాప్ అనే పేరు చూసి భయపడకండి, దాని లోపల ప్రోగ్రామ్ ఏమీ ఉండదు, ఏయే ప్యాకేజీలు కలిసి రావాలో చెప్పే పట్టిక అది. కానీ జాబితాలో జుబుంటు-డెస్క్‌టాప్ అని గానీ, లైట్‌డీఎమ్ అని గానీ, నెట్‌వర్క్ మేనేజర్ అని గానీ కనిపించిందా, క్యాన్సిల్ నొక్కి బయటికి వచ్చేయండి. అన్నీ సరిగ్గా ఉంటేనే అప్లై.

పేరులో గ్నోమ్ అని ఉన్నదల్లా వెతికి ఒకే దెబ్బకి తీసేద్దామనే ఆలోచన మాత్రం రానివ్వకండి. నెట్‌వర్క్-మేనేజర్-గ్నోమ్ అనే ప్యాకేజీయే ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్ మీద మీ వైఫై ఐకాన్ చూపిస్తుంది. గ్నోమ్-కీరింగ్ మీ సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లని దాచిపెడుతుంది. ఇందాక తెలుగు కోసం వాడిన లాంగ్వేజ్ సపోర్ట్ ప్యాకేజీ పేరు కూడా లాంగ్వేజ్-సెలెక్టర్-గ్నోమ్. స్నాప్ (ఉబుంటులో ప్రోగ్రామ్‌లు తెచ్చుకునే మరో పద్ధతి) జాబితాలో గ్నోమ్-42-2204 లాంటి పేరు కనిపిస్తే అది డెస్క్‌టాప్ కాదు, ఫైర్‌ఫాక్స్ లాంటి స్నాప్‌లు వాడుకునే లైబ్రరీల మూట, దాన్ని ముట్టుకోవద్దు.

తర్వాత సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ (sudo apt autoremove) అని కొడితే ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయినవి తీసేస్తానంటుంది. ఉబుంటు-డెస్క్‌టాప్ పట్టిక పోయింది కాబట్టి ఈ జాబితా చాలా పొడుగ్గా ఉండొచ్చు, అందులో మీరు రోజూ వాడే ప్రోగ్రామ్ కూడా ఉండొచ్చు, అది మీకు కావాలని సిస్టమ్‌కి తెలియదు. ఎన్ అని కొట్టి ఆపి, ఆ ప్రోగ్రామ్‌ని సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ (sudo apt-mark manual) అని రాసి పక్కన దాని పేరు పెట్టి గుర్తు పెట్టండి. మళ్లీ ఆటోరిమూవ్ కొట్టి చూడండి, అది జాబితాలోంచి వెళ్లిపోయి ఉంటుంది. తొందర లేదు, ఎన్నిసార్లయినా ఆపొచ్చు.

హోమ్ ఫోల్డర్‌లో గ్నోమ్ సెట్టింగుల ఫైళ్లు మిగిలిపోతాయి, ప్యాకేజీలు తీసినంత మాత్రాన అవి పోవు. వాటిని వేటాడకండి, చోటు పెద్దగా తినవు, డీకాన్ఫ్ అనే ఫోల్డర్‌ని అయితే ఇతర ప్రోగ్రామ్‌లు కూడా వాడుకుంటాయి.

తెర రాకపోతే

రీస్టార్ట్ చేశాక నల్ల తెర వస్తే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల లాగిన్ వస్తుంది, పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనిపించవు, కీబోర్డు పని చేయడం లేదనుకోవద్దు. లోపలికి వెళ్లాక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లైట్‌డీఎమ్ జుబుంటు-డెస్క్‌టాప్ (sudo apt install lightdm xubuntu-desktop) అని కొట్టండి, ఉన్నాయంటే సరే, లేకపోతే తెచ్చుకుంటుంది. ఈ సమయంలో వైఫై కంటే కేబుల్ నమ్మకం, వీలైతే కేబుల్ పెట్టండి. రీస్టార్ట్. ఏమేం పోయాయో తెలియాలంటే తెర వచ్చాక సినాప్టిక్‌లో ఫైల్ మెనూలో హిస్టరీ చూడండి, అక్కడ తీసినవన్నీ తేదీల వారీగా ఉంటాయి, ఆప్ట్‌తో తీసినవి కావాలంటే వార్ (var) ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, అందులో హిస్టరీ డాట్ లాగ్. దేనికీ లొంగకపోతే టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ ఉంది.

వచ్చే పాఠంలో ప్యానెల్‌ని కిందికి దించడం, విస్కర్ మెనూని (ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్రోగ్రామ్‌ల మెనూ) విండోస్ కీకి కట్టడం, రెండు ఫైల్ మేనేజర్లు మిగిలిపోయిన చోట దేన్ని డీఫాల్ట్‌గా పెట్టాలో చూద్దాం. అప్పటికి కొత్త సెషన్‌లో వారం గడిపి, పని చేయనివేమైనా ఉంటే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.