కలం ఎక్కడ ఆగిందో చూసుకోండి

రాత ఆగిపోగానే చాలామంది "నా దగ్గర సరుకు అయిపోయింది" అని బెంగపడతారు. అలా అయిపోవడం చాలా అరుదు. సాధారణంగా చిక్కు రాసే తీరులో ఉంటుంది. మీది కింది వాటిలో ఏదో చూడండి.

సమస్య: మొదటి వాక్యం రాస్తారు, కొట్టేస్తారు, మళ్లీ రాస్తారు. గంట గడిచినా పేజీ ఖాళీ.

కారణం: రాయడం, దిద్దడం రెండూ ఒకేసారి చేస్తున్నారు. రాసేటప్పుడు మనసు ముందుకు పోవాలి, దిద్దేటప్పుడు వెనక్కి చూడాలి. రెండూ కలిస్తే ఎటూ కదలదు. నేను ఎక్కువ కాలం నష్టపోయింది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతున్నాను.

పరిష్కారం: 15 నిమిషాలకు టైమర్ పెట్టుకోండి. అది మోగేదాకా ఒక్క అక్షరం కూడా కొట్టేయకండి. సరైన మాట తట్టకపోతే అక్కడ గీత గీసి ముందుకు వెళ్లండి. అసలేమీ తోచకపోతే "ఈరోజు నాకు రాయబుద్ధి కావడం లేదు, ఎందుకంటే" అని మొదలుపెట్టి ఆ వాక్యాన్నే పూర్తి చేయండి. ఆ 'ఎందుకంటే' తర్వాత చాలాసార్లు అసలు విషయం బయటపడుతుంది. చేయి ఊరికే బ్యాక్‌స్పేస్ మీదికి పోతుంటే కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం మీద రాయండి. దిద్దడం మాత్రం మర్నాడే. అదే రోజు దిద్దడానికి కూర్చుంటే కాగితం మీద ఉన్నది కాకుండా, మీరు రాయాలనుకున్నదే కళ్లకు కనిపిస్తుంది.

సమస్య: మూడ్ వస్తే రాద్దామని రోజులు గడిచిపోతున్నాయి.

కారణం: మూడ్ ముందు వస్తుందని, రాత తర్వాత సాగుతుందని నమ్ముతున్నారు. నా అనుభవంలో కూర్చున్న పది నిమిషాలకు గానీ అది రాదు.

పరిష్కారం: ఎలాగూ రోజూ చేసే పనికి రాతను జోడించండి. ముఖం కడుక్కోగానే అనో, రాత్రి పడుకునే ముందు అనో ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. 19వ శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు ఆంథోనీ ట్రోలప్ పోస్టాఫీసు శాఖలో ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున ఐదున్నరకు కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవారు. అలా 47 నవలలు పూర్తి చేశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అంత లెక్క వద్దు, టెన్షన్ పెరుగుతుంది. రోజుకు 100 మాటలు చాలు. బాగా అలసిపోయిన రోజున కూడా రాయగలిగినంతే లెక్క పెట్టుకోండి.

సమస్య: వారం రోజులు బాగా సాగింది. ఒకరోజు తప్పింది. ఇక నెల దాకా నోట్‌బుక్ తెరవలేదు.

కారణం: ఒకరోజు తప్పితే అలవాటే పోయిందనుకోవడం. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక కొత్త పని అలవాటుగా కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు.

పరిష్కారం: మర్నాడు మామూలు లెక్క మాత్రమే రాయండి. తప్పిన రోజుది కూడా కలిపి రెట్టింపు రాయాలని కూర్చోకండి. ఆ బరువు చూసే మళ్లీ వాయిదా వేస్తాం.

సమస్య: సగం దాకా వచ్చి ఆగింది.

కారణం, పరిష్కారం: ఎక్కడో నాలుగు పేరాల వెనక దారి తప్పి ఉంటారు, లేదా ఆ విషయం మీకు ఇంకా సరిగ్గా తెలియదు. చివరిసారి హాయిగా సాగిన చోటికి వెళ్లి అక్కడినుంచి వేరేలా రాసి చూడండి. తెలియని విషయమైతే చదవండి, తెలిసినవాళ్లను అడగండి. రోజూ రాత ఆపేటప్పుడు తర్వాతి వాక్యం తెలిసిన చోటే ఆపితే ఈ ఇబ్బంది చాలావరకు రాదు.

ఒక్క రాతే కాదు, నిద్ర, తిండి, ఇష్టమైన పనులు అన్నీ రెండు మూడు వారాలుగా దెబ్బతింటే పైవేవీ సరిపోవు. అప్పుడు టైమర్ పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి.