టెండర్‌లో అన్యాయంగా తీసేశారా? హైకోర్టులో రిట్ వేసే విధానం

టెక్నికల్ బిడ్లు (రేటు చూడకముందు అర్హత తేల్చే కాగితాలు) తేలిన సాయంత్రం పోర్టల్‌లో మీ ఫర్మ్ పేరు పక్కన ‘నాట్ క్వాలిఫైడ్’ అని కనిపిస్తే ముందు ఆ పేజీ ప్రింట్ తీసుకోండి, తేదీ, టైమ్ పడేలా. లాయర్‌కి ఫోన్ తర్వాత. అదే రాత్రి టెండర్ పిలిచిన అధికారికి అభ్యంతరం రాసి మెయిల్ చేయండి, పొద్దున్నే ఆఫీసులో కాగితం ఇచ్చి అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. రోడ్డు, కాలువ, బిల్డింగ్ ఏ పనైనా ఇంతే.

అభ్యంతరం అంటే ‘మాకు అన్యాయం జరిగింది’ అని రెండు పేజీలు రాయడం కాదు. టెండర్ నోటీసు నంబరు, ఏ క్లాజు, మీరు అప్‌లోడ్ చేసిన కాగితం ఏది, వాళ్లు చెప్పిన కారణం ఏది, అంతే. మీరు గతంలో చేసిన పని సర్టిఫికెట్ మీద ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సంతకం ఉంది, ఆయన పై అధికారి ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) కౌంటర్ సంతకం లేదని తీసేశారనుకోండి. కౌంటర్ సంతకం ఉండాలని నోటీసులో ఎక్కడైనా రాశారా? రాయకపోతే అదే మీ కేసు, ఎందుకంటే తాను పెట్టిన షరతులకు ప్రభుత్వమూ కట్టుబడాలని సుప్రీంకోర్టు 1979లోనే రమణ దయారాం శెట్టి కేసులో చెప్పింది. రాసి ఉంటే మాత్రం, నిజం చెప్తున్నా, కోర్టు ఖర్చు మిగుల్చుకోండి. కాకపోతే అదే లోపం ఉన్న ఇంకొకరిని క్వాలిఫై చేశారా అన్నది ఒకసారి చూసుకోండి. చేసి ఉంటే రాజ్యాంగం 14వ అధికరణ (సమానత్వ హక్కు) కింద మళ్లీ కేసు ఉన్నట్టే.

షరతే బాగోలేదు, ఎవరికో కొలతలు తీసి కుట్టినట్టుంది అంటారా? అది ప్రీబిడ్ మీటింగ్ (బిడ్లు వేసే ముందు శాఖ పెట్టే సమావేశం) నాటికే రాతపూర్వకంగా అడగాలి. నోరు మూసుకుని బిడ్ వేసి, ఓడిపోయాక షరతు తప్పంటే కోర్టు వినే అవకాశం చాలా తక్కువ.

టెండర్ కమిటీ మినిట్స్, కంపేరటివ్ స్టేట్‌మెంట్ (బిడ్లను పోల్చిన పట్టిక) కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కేంద్ర ఆఫీసైతే ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. వ్యాపార రహస్యమని సెక్షన్ 8 చూపించి కొన్ని ఇవ్వకపోవచ్చు కూడా. పెట్టండి కానీ దాని కోసం ఆగకండి. మేం ఒకసారి ఆగాం. జవాబొచ్చేసరికి ఎల్1 (క్వాలిఫై అయినవాళ్లలో అందరికంటే తక్కువ రేటు వేసిన) మనిషి అగ్రిమెంట్ చేసుకుని, జేసీబీ దించి, పునాదులు తవ్వేస్తున్నాడు. బెంచి మీద నుంచి వచ్చిన మొదటి ప్రశ్న: ఇన్నాళ్లూ ఏం చేశారు? రిట్‌కి (ప్రభుత్వం చేసిన తప్పు సరిదిద్దమని హైకోర్టులో వేసే పిటిషన్‌కి) గడువంటూ చట్టంలో లేకపోయినా ఆలస్యం మాత్రం కేసుని చంపేస్తుంది. రికార్డు తెప్పించమని కోర్టునే అడగొచ్చని మాకు అప్పటికి తెలీదు.

ఇక రిట్. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో వేస్తారు. లాయర్‌కి వకాలత్నామా ఇచ్చి, తేదీల వరుసలో జరిగినదంతా అఫిడవిట్‌గా రాయించి, నోటీసు, బిడ్ కాగితాలు, పోర్టల్ ప్రింట్లు, మీ అభ్యంతరం జత చేయాలి. ప్రతివాదులుగా శాఖ, టెండర్ అధికారితో పాటు పని దక్కించుకున్న ఎల్1ని తప్పకుండా చేర్చండి, ఇది మర్చిపోయేవాళ్లు ఎక్కువ. స్టే కోసం విడిగా ఐఏ (మధ్యంతర దరఖాస్తు) ఉండాలి. కాపీ ముందే జీపీ (ప్రభుత్వ న్యాయవాది) ఆఫీసుకి ఇవ్వాలి. సివిల్ దావాకి కావాల్సిన రెండు నెలల సెక్షన్ 80 నోటీసు దీనికి అక్కర్లేదు. రేపే అగ్రిమెంట్ అని తెలిస్తే లాయర్ లంచ్ మోషన్ (అదే రోజు మధ్యాహ్నం వినమనే అత్యవసర అభ్యర్థన) అడుగుతారు. అవతలివాళ్లు కేవియట్ వేసి ఉంటే వాళ్లని వినకుండా ఆర్డర్ రాదు, ఒక కేవియట్ 90 రోజులు పనిచేస్తుంది.

అసలు టెన్షన్ స్టే దగ్గరే. పని ఎవరికి ఇవ్వాలన్నది కోర్టు తేల్చదు, ఎలా ఇచ్చారన్నదే చూస్తుంది. 1994 టాటా సెల్యులార్ తీర్పు నుంచీ ఇదే లైను. 2007 జగదీశ్ మండల్ తీర్పు ఇంకో ప్రశ్న కలిపింది: ప్రజాప్రయోజనం దెబ్బతింటోందా? దీనికి తోడు 2018 సవరణతో నిర్దిష్ట ఉపశమన చట్టంలో 20ఎ వచ్చింది, మౌలిక వసతుల పనికి ఆలస్యమయ్యేలా ఇంజంక్షన్ (పని ఆపే ఉత్తర్వు) ఇవ్వొద్దని. 2022లో ఎన్‌జీ ప్రాజెక్ట్స్ కేసులో, రోడ్డు పని విషయంలోనే, స్టే ఇవ్వడం కంటే నష్టపరిహారం దారి చూపాలని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే అఫిడవిట్‌లో మీ నష్టం ఒక్కటే రాస్తే చాలదు, మీ రేటుకీ ఎల్1 రేటుకీ తేడా ఎంత, ఖజానాకి ఎంత పోతోంది అన్నది అంకెల్లో రాయండి. అలాగని గెలవలేమని కాదు. 2024లో బన్సీధర్ కన్‌స్ట్రక్షన్స్ కేసులో కోల్ కంపెనీ ఇచ్చిన పనినే సుప్రీంకోర్టు రద్దు చేసింది.

గెలిచినా పని నేరుగా మీ చేతికి రావడం అరుదు, మళ్లీ పరిశీలించమనో, మళ్లీ టెండర్ పిలవమనో అంటారు. ఓడితే ఇద్దరు జడ్జిల బెంచికి రిట్ అప్పీల్, ఆపైన సుప్రీంకోర్టు. కేసు నడుస్తుండగా బిడ్ వాలిడిటీ (బిడ్ చెల్లుబాటు ముగిసే) తేదీ మాత్రం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. శాఖ అడగకపోయినా పొడిగిస్తున్నామని మీరే లెటర్ పెట్టండి, లేకపోతే ‘వీళ్ల బిడ్డే బతికి లేదు’ అని అవతలి లాయర్ లేచి నిలబడతాడు.